కట్టు విప్పినాక

భద్రాచలం ఆసుపత్రి, ఏప్రిల్ 2004

అమ్మకు రాహేలు వందనాలు. ప్రభువు దయవల్ల నేను కోలుకుంటున్నాను, దిగులు పడకు.

ఇప్పపూలు ఏరుతుంటే ఎలుగుబంటి మీద పడిందని తమ్ముడు చెప్పే ఉంటాడు. ఎడమ కన్ను పోయింది. నిన్న కట్టు విప్పారు. అద్దంలో ముఖం చూసుకుని, "ప్రభువా, నన్నెందుకు గిట్ల చేసినవ్?" అని గట్టిగానే అడిగాను. దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను.

పక్క మంచం ఎర్రమ్మవ్వ కొడుకు ఈమధ్యే చనిపోయాడు. ఆమె మన ప్రార్థనల మనిషి కాదు, అయినా రోజూ రాత్రి నేను పాడే ప్రభువు పాట వింటుంది. ఎవరెంత చెప్పినా ముద్ద ముట్టడం లేదు. ఆమే నన్ను తట్టి లేపింది.

"ఏంది బిడ్డా, ఇయ్యాల పాట పాడవా? నీ పాట ఇంటేనే నాకు జర నిద్ర పడుతది."

ఏడుస్తూనే మొదలుపెట్టాను. పాడుతూ పాడుతూ ఉండగా గొంతు నిలబడింది. పాట అయ్యాక ఆమె, "ఇగ గంజి పొయ్యి బిడ్డా" అంది. గ్లాసు ఖాళీ చేసింది. అమ్మా, నాకెంత సంతోషమైందో! రెండు కళ్ళూ ఉన్నప్పుడు కూడా అంత సంతోషం ఎరగను. ఆయన నా మంచం దగ్గరే ఉన్నాడని నాకు తెలిసిపోయింది.

శనివారం నా కూతురు సుజాతను తీసుకురా. నా ముఖం సంగతి ముందే చెప్పు, దాచకు. దువ్వెన, పాత చీర తెచ్చిపెట్టు. మేక ఈనిందా? వానలకు ముందే ఇంటి పైకప్పు సర్దించు.

నాకిట్లా అయిందని నువ్వు ప్రార్థన గుడికి పోవడం మానేశావట. ఆయన మీద నీకు కోపముంటే ఈ ఆదివారం గుడికే పోయి ఆ మాట ఆయనతోనే చెప్పు. నేనూ అట్లాగే చెప్పాను. నాన్నకు వందనాలు, సుజాతకు ముద్దులు.

నీ రాహేలు