గుట్టుగా నేర్చుకున్న కంప్యూటరు

చింతలగూడెం,
మోత్కూర్ దగ్గర.

బిడ్డా నిరోషా,

మేనమామ భిక్షపతి ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం, నా పరువు ఒక్కటే బాగా లేదు.

మన ఊరి గ్రంథాలయానికి కంప్యూటరు వచ్చింది. "దీన్ని ఎవరు చూసుకుంటరు?" అని గ్రామసభలో అడిగారు. ఉద్యోగమంతా తెలుగు పాఠాలు చెప్పిన నోరు ఊరుకుంటుందా? "గిదెంత పని? నేను చూసుకుంట" అన్నాను. వచ్చే నెల భువనగిరి నుంచి ఆఫీసరు తాహేరా మేడం వస్తుంది. అది నడవకపోతే పక్కూరికి ఇచ్చేస్తుందట. ఊరి ముందర తల ఎట్లా ఎత్తుకోను?

నల్లగొండలో కంప్యూటర్లు బాగుచేసేదానివి, నువ్వే దిక్కు. మీట నొక్కితే టీవీలాంటి దాని మీద చిన్న దీపం వెలుగుతున్నది గాని బొమ్మ రావడం లేదు. ఫోను మాత్రం చేయకు. నా చెవుల సంగతి తెలుసు కదా, స్పీకరు పెట్టాలి. ఇంటి పక్కనే పుష్ప కిరాణం, దాని ముందు కూర్చున్న వాళ్లంతా వింటారు. ఉత్తరమైతే గుట్టుగా ఉంటుంది. సరుకులకు మోత్కూర్ పోతూ పుష్పే పోస్టు డబ్బాలో వేస్తానంది. నమ్మకమైన మనిషి.

మీ మామ,
భిక్షపతి

తా.క.: జాగా అయిపోయింది, అడ్రసు పక్కన ఇరికిస్తున్నాను. దీనితో పాటు ఒక స్టెబిలైజరు కూడా ఇచ్చారు. మన దగ్గర కరెంటు బాగానే ఉంది కనుక దాన్ని విప్పి బీరువాలో పెట్టాను.

*

నల్లగొండ.

మామకు నిరోష దండాలు.

ఉత్తరం అందింది. నవ్వలేదు, ఒట్టు.

మీరు బీరువాలో పెట్టింది స్టెబిలైజరు కాదు మామా, అదే కంప్యూటరు! టీవీలాంటిది మానిటరు. డబ్బా చేసిన పనిని చూపిస్తుందంతే. ఆ డబ్బాను అత్త వంటిల్లు అనుకోండి. లోపలున్న ప్రాసెసరు అత్త. ర్యామ్ ఆమె ముందరి గట్టు, ఎంత జాగా ఉంటే వంట అంత సులువు. డిస్కు వడ్ల గుమ్మి. కరెంటు పోతే గట్టు మీదివి పోతాయి, గుమ్మిలోవి పోవు. అందుకే చేసిన పనిని ఎప్పటికప్పుడు సేవ్ చేయాలి.

డబ్బాను బయటికి తీసి, మానిటరు వైరు దాని వెనక బిగించండి. కొమ్ములున్న చిన్న పెట్టె ఉంటుంది, దాన్ని రౌటర్ అంటారు. ఇంటర్నెట్ లైను అందులోకి వచ్చి, అక్కడి నుంచి గాలిలో అందరికీ పంచబడుతుంది.

మీ కోడలు,
నిరోష

తా.క.: మెదడును బీరువాలో పెట్టి తాళం వేసిన మేనమామ ఈ జిల్లాలో నాకొక్కదానికే ఉన్నాడు.

*

చింతలగూడెం.

బిడ్డా నిరోషా, దీవెనలు.

నువ్వు చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది: డబ్బా వంటిల్లు, మానిటరు విస్తరి. నేను పొయ్యి వెలిగించకుండా విస్తరి ముందు కూర్చున్నాను. వైర్లు బిగించగానే బొమ్మ వచ్చింది! సిగ్గు విడిచి చెబుతున్నాను, తలుపు మూసి ఒక్కడినే చప్పట్లు కొట్టుకున్నాను.

కాని ఇంటర్నెట్ రావడం లేదు. లైను మొత్తం రౌటర్లోకే వస్తుందన్నావు కనుక, దొంగల భయానికి దానికి బొట్టు పెట్టి, ఇనుప బీరువాలో ఉంచి తాళం వేశాను. వైర్లు సందులోంచి లోపలికి పోతున్నాయి. దీపాలు కూడా వెలుగుతున్నాయి. ఇంకేం కావాలట దానికి?

మీ మామ,
భిక్షపతి

తా.క.: నీ తా.క. చదివిన పూట అన్నం సహించలేదు. ఇక మీదట నీ తా.క.లు చదవను.

*

నల్లగొండ.

మామకు దండాలు.

ఇనుప బీరువాలో కూర్చొని మీరు పిలిస్తే అత్తకు వినపడుతుందా? రౌటర్ గతీ అంతే. బయట, ఎత్తున పెట్టండి.

దానికి పాస్‌వర్డు తప్పక పెట్టండి. ఇంటర్నెట్ లైను నీళ్ల పైపులాంటిది. ఊరంతా నల్లాలు తిప్పితే ఎవరి బిందే నిండదు. పాస్‌వర్డు ఎవరికీ తెలియకూడదు.

మీ కోడలు,
నిరోష

తా.క.: చదవనన్నది మీరు ముందే చదువుతారని నమ్మి రాస్తున్నాను. దయచేసి ఉత్తరాలు బంకతో అంటించి పంపండి.

*

చింతలగూడెం.

బిడ్డా నిరోషా, దీవెనలు.

రౌటర్ను బయటికి తీసి అటక మీద పెట్టాను. ఇంటర్నెట్ వచ్చింది! నీళ్ల పైపు సంగతి కూడా బాగా ఒంటబట్టింది: పైపు ఒక్కటే, నల్లాలు ఎక్కువైతే ఎవరి బిందే నిండదు.

పాస్‌వర్డు గట్టిదో కాదో నువ్వే చెప్పాలి. పెండ్లైన కొత్తలో మీ అత్త అండాలును నేను మైనా అని పిలిచేవాణ్ని. ఆ పేరే ఇంగ్లీషులో, చివర ఒకటి రెండు మూడు. మా ఇద్దరికీ తప్ప నరమానవునికి తెలియదు.

మీ మామ,
భిక్షపతి

తా.క.: నీ తా.క. చదవలేదు. మాటంటే మాటే.

*

చింతలగూడెం.

బిడ్డా,

తల దించుకొని రాస్తున్నాను.

తాహేరా మేడం వచ్చింది. ఊరంతా వచ్చింది. మీ అత్త ముందు వరుసలో కూర్చుంది. మీట నొక్కాను, బొమ్మ వచ్చింది. ఇంటర్నెట్ తెరిస్తే తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. మేడం రౌటర్ సంగతి చూసి, "సార్, లైను మీద ఇంతమంది ఎక్కిన్రేంది?" అన్నది.

వెనక నుంచి మేకల సాయిలు లేచాడు. "పైపు ఒక్కటే మేడం, నల్లాలు ఎక్కువైనయి. జర ఆగున్రి, మేం బందు పెడ్తం." ఊరు ఊరంతా ఫోన్లు తీసి వైఫై ఆపింది. చక్రం ఆగి పేజీ తెరుచుకుంది.

మేడం ఆశ్చర్యపోయింది. "వీళ్లకు ఇవన్ని ఎవరు చెప్పిన్రు?"

"ఇంకెవరు, సారే! వంటిల్లు, విస్తరి, బీరువా అన్ని కార్డుల మీద రాసిండు" అన్నాడు సాయిలు.

నేను పుష్ప వైపు చూశాను. "గట్ల చూస్తవేంది సారు? నువ్వు రాసింది పోస్టుకార్డు మీదనాయె. గిరాకీలు అడిగితే చదివిన. నీ కార్డు ఎప్పుడస్తదా అని ఎదురు చూస్తుండ్రి" అన్నది.

కవరు కొనడం నాకు ఎన్నడూ అలవాటు లేదు బిడ్డా. గుట్టంతా కార్డు మీదే రాశాను. తర్వాత ఇంటికొచ్చి, "అంటించి పంపండి" అన్న నీ తా.క. వెతికి చదువుకొని, నా తల నేనే కొట్టుకున్నాను.

అక్కడ సభలో పుష్ప మాట ముగియకముందే ఎవరో "సారు, మైనా తర్వాత ఒకటి రెండు మూడేనా?" అని అడిగారు. సభంతా ఘొల్లుమంది. మీ అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లేచిపోయింది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు. భూమి నోరు తెరిస్తే దూకేవాణ్ని.

కంప్యూటరు మన ఊరికే ఉంచేశారు. ఊరందరికీ నేనే పాఠం చెప్పాలని మేడం రాయించి పోయింది.

సిగ్గుతో,
మీ మామ భిక్షపతి

తా.క.: ఇది కవరులో పెట్టి, బంక దండిగా పూసి పంపుతున్నాను. "ఈసారి కార్డు లేదా సారు?" అని పుష్ప మొహం చిన్నబుచ్చుకుంది. పాస్‌వర్డు మార్చాం. కొత్తది మీ అత్తే పెట్టింది. నాకు చెప్పడం లేదు.