ఇంజను ఆగకముందే

చిరంజీవి మనవరాలికి నాయనమ్మ ఆశీస్సులు. ఇక్కడ మనుషులందరం కులాసా. మన లాంచీయే మంచం పట్టింది. నీ ఉత్తరం సోమవారం అందింది. జవాబు శుక్రవారం దాకా రాయనందుకు నెపం కళ్లజోడు మీద పెడదామనుకున్నాను గానీ, అది నిక్షేపంగా ఉంది.

రెండు నెలల్లో మూడు రెగ్యులేటర్లు కాలిపోయాయి. ఆల్టర్నేటర్ పుట్టించే కరెంటును అదుపులో పెట్టాల్సిన డబ్బా తనే మాడి కంపు కొడుతోంది. దాంతో రేవులో ప్రతి మగవాడూ ఇంజనీరైపోయాడు. ఒకడు బెల్టంటాడు, ఒకడు తేమంటాడు. కొట్టు మెకానిక్‌ది మాత్రం మూడుసార్లూ ఒకటే పాట: "వైరింగ్ తప్పండీ. ఎవరో పుస్తకం చూసి చేశారు." పుస్తకం చూసి చేయడం ఎప్పటినుంచి తప్పయిందో, ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన నాకు బోధపడలేదు. మీ నాన్నకు ఇట్టే బోధపడింది. నువ్వు సెలవులంతా నడుం వంచి లాగిన వైర్లన్నీ పీకించేస్తానన్నాడు. పీకిస్తే ఇక ఆ లాంచీ ఎక్కనని నువ్వు రాశావు. మీ పంతాలు నాకు కొత్త కాదు. మధ్యలో నేను తపాలా బంట్రోతును కావడమే కొత్త.

నువ్వడిగినవన్నీ చూశాను. బెల్టు బిగువుగానే ఉంది. నొక్కి చూస్తే నా వేలే నల్లబడింది. బ్యాటరీ తీగలు వదులుగా లేవు. రెగ్యులేటర్ కాలేది ప్రయాణం మధ్యలో కాదు, సాయంత్రం ఆఖరి ట్రిప్పు రేవుకు చేరాక. అప్పుడు దీపాలు మసకబారవు, ఒక్కసారిగా తెల్లగా వెలుగుతాయి. రెండు బల్బులు మాడిపోయాయి కూడా.

ఇది చదివాక నీకు అడగాల్సిందేమీ ఉండదు. నడుస్తున్న ఇంజనుకు బ్యాటరీ తెంపేస్తే, ఆల్టర్నేటర్ తోస్తున్న కరెంటు పోయే చోటు లేక ఎగదన్ని రెగ్యులేటర్‌ను కాల్చేస్తుందని నువ్వే రాశావు. ముందు ఇంజను ఆపాలి, అది పూర్తిగా ఆగాకే ఎర్ర పిడి తిప్పి బ్యాటరీని విడదీయాలి అన్నావు. "ఆ ఎర్ర పిడి ఎవరు తిప్పుతున్నారు నాయనమ్మా?" అన్న ఆఖరి ప్రశ్న దగ్గరే ఇన్నాళ్లూ నా కలం ఆగింది.

నేనే.

వేసవిలో ఒకసారి ఆ పిడి తిప్పడం మరిచిపోతే తెల్లారేసరికి బ్యాటరీ చచ్చింది గుర్తుందా? అప్పటినుంచి ఆ పని నాకు నేనే అప్పజెప్పుకున్నాను. పిడి లాంచీలో నేను కూర్చునే బెంచీ పక్కనే కదా. మన డ్రైవరు, అదే మనం రేడియో అని పేరుపెట్టిన వాగుడుకాయ, రేవు తగలగానే ఇంజను ఆపేవాడు, ఆ తర్వాత నేను తిప్పేదాన్ని. కబుర్లలో పడ్డ రోజున మాత్రం అతని నోటితోపాటు ఇంజనూ నడుస్తూనే ఉండేది. ఖాళీ గదిలో ఫ్యాను తిరిగితేనే ఓర్చుకోలేని మనిషిని. విసుగెత్తి తిప్పేశాను. ఇంజను ఆగలేదు గనక పిడి వల్ల ఏమీ కాలేదనుకున్నాను. అలా మూడు సాయంత్రాలు. లెక్క సరిపోయింది, లెక్కల పంతులమ్మకే ఆలస్యంగా తట్టింది.

తట్టాక కూడా మూడు రోజులు నోరు విప్పలేదు. ఆ మూడు రోజులూ నింద నీ మీదే ఉండనిచ్చాను. రెగ్యులేటర్లు కాల్చడం తెలియక చేసిన పని. ఇది తెలిసి చేసింది.

నిన్న పొద్దున మెకానిక్ వైర్లు కత్తిరించడానికి పట్టకారుతో దిగాడు. "ఆగవయ్యా" అని, రేవులో అందరూ వింటుండగానే చెప్పేశాను. మెకానిక్ గొణుక్కుంటూ పోయాడు. రేడియో చల్లగా ఇంజను గదిలోకి జారుకున్నాడు. మీ నాన్న ఎర్ర పిడి ఊడదీసి జేబులో వేసుకున్నాడు. బడిలో ఎంతమంది పిల్లల చేతుల్లోంచి గోలీలు లాక్కున్నానో ఈ బతుకులో. నా చేతిలోది లాక్కుంటే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

"అమ్మాయికి నువ్వే రాయమ్మా. నాకు మొహం చెల్లదు" అన్నాడు.

నీ వైర్లు ఉన్నచోటే ఉన్నాయి. కొత్త రెగ్యులేటర్ పెట్టె విప్పకుండా నా బెంచీ కింద ఉంది. నువ్వు తప్ప ఎవరూ దాన్ని బిగించకూడదని మీ నాన్న హుకుం. అందాకా లాంచీలో బ్యాటరీకి ఛార్జింగ్ ఉండదు, దీపాలూ ఉండవు, పగటి ట్రిప్పులే. నిన్న సాయంత్రం మీ నాన్న బ్యాటరీని భుజానికెత్తుకుని, గట్టెక్కి, మూడంతస్తుల మెట్లెక్కి ఇంటికి తెచ్చి ఛార్జింగ్ పెట్టాడు. ఇవాళా మోశాడు. నడుం పట్టుకుంటున్నాడు గానీ నోరెత్తడం లేదు.

సెలవు దొరికినప్పుడే రా. తొందరేం లేదు, మోయనీ.

ఇట్లు,
పిడి పోగొట్టుకున్న
నీ నాయనమ్మ