గులాబీ రంగు గ్రాఫులు

మంగళవారం, హాస్టల్ గది

రేపు గైడ్ గారికి చూపించాల్సిన గ్రాఫులన్నీ ఈరోజు గులాబీ రంగులోకి మారిపోయాయి. యూనివర్సిటీ ల్యాబ్‌లో మూలన పడున్న పాత మానిటర్ తెచ్చుకుని, దాని కేబుల్‌ను లాప్‌టాప్‌కు కలిపే అడాప్టర్‌తో తగిలించినప్పటి నుంచే ఇలా. సెట్టింగులన్నీ మార్చినా రంగు మారలేదు.

సాయంత్రం తార్నాక షాపుకు వెళ్లి, నిన్న కొన్న అడాప్టర్ పాడైందని గొడవపడ్డాను.

"మార్చిస్త లే మేడం. గాని కేబుల్ గూడ ఒకసారి చూస్కోండ్రి" అన్నాడు షాపాయన.

"నాకు తెల్వదా?" అన్నాను.

ఆయన కొత్తది ఇచ్చాడు. పాతది పొరపాటున కూడా ఇంకెవరికీ అమ్మకూడదని, దాని వైరు కత్తిరించి చెత్తబుట్టలో పడేశాడు.

కొత్తది పెట్టినా అదే గులాబీ. రూమ్మేట్ మమత మానిటర్ వెనక్కి వంగి చూసింది.

"ఏందే, గీ రెండు స్క్రూలు బిగియ్యలేదా? కేబుల్ లూజున్నది."

వేళ్లతోనే బిగించింది. తెర తెల్లగా వచ్చింది.

గ్రాఫులు బాగున్నాయి. రేపటి భయం పోయింది. హాయిగా నిద్రపోవాలి నిజానికి. షాపుకు వెళ్లి చెప్పాలి, కానీ ఏ ముఖంతో...

కేబుల్ చూసుకోమన్న ఆయన మాట నేను వినలేదు. ఆయన మాత్రం నా మాట నమ్మి, మంచి అడాప్టర్‌ను కత్తిరించాడు.