బల్బు మీద సుద్దపొడి

అమ్మలూ, నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. ఎప్పుడూ గబగబా రాసేసే ఈ మాట ఈసారి ఆగి, మీ అమ్మ వైపు ఒకసారి చూసి రాశాను. నువ్వు వేళకి తింటున్నావనీ, లిఫ్టులు బాగుచేయడానికి ఆ గుంతల్లోకి దిగేటప్పుడు జాగ్రత్తగా ఉంటున్నావనీ నమ్ముతున్నాను.

నా మోకాలు గురించి అడిగావు. నా మాట వినదు గానీ నడిపిస్తోంది. బస్సు తోలడం మానేశాక దానికి క్లచ్చి తొక్కే పని తప్పింది కదా, ఆ బెంగ కాబోలు. పైవాటా పెద్దాయన రేడియో మళ్ళీ మూగబోయింది. బాగుచేయమని పిలిచాడు, వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో కింద తెలుస్తుంది.

అమ్మ కుట్టుమిషను దగ్గరి దీపం సంగతి కూడా అడిగావు. కుర్చీ కాలు కింద నలిగి దాని వైరు తెగిందని రాస్తే, "తెలిసినవాళ్ళ చేత చేయించండి నాన్నా" అన్నావు. ఆ మాట గుచ్చుకుంది. వీధంతా నన్ను 'రిపేరు మామ' అంటుంటే, సొంత కూతురికి నేను తెలిసినవాణ్ణి కాకపోయానా! నలిగినంత మేర కత్తిరించి పారేసి, కొత్త ప్లగ్గు తెచ్చుకుని కూర్చున్నాను.

వైరులో రెండు తీగలు. ఒకదాని తొడుగు నున్నగా ఉంది, రెండోదాని మీద సన్నటి గీతలున్నాయి. ప్లగ్గుకి పిన్నుల బదులు రెండు రేకులు, ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. కరెంటు వచ్చేది సన్నరేకు వైపని తెలుసు. మరి దానికి ఏ తీగ? నా బుర్ర ఇలా పనిచేసింది: గీతలు పెట్టి మరీ గుర్తు చెప్పారంటే భయపడవలసింది దానికే, కరెంటు మోసేది అదే. నిన్ను అడగవచ్చు. టెస్టరు సొరుగులోనే ఉంది. అడగలేదు, తియ్యలేదు. గీతల తీగని సన్నరేకుకి బిగించాను. దీపం వెలిగింది. ఇంకేం, పైవాటాయన్ని కిందికి పిలిచి మరీ చూపించుకున్నాను.

నువ్వు ఈపాటికి తల పట్టుకుని ఉంటావు.

మొన్నామధ్య మీ అమ్మ బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంటే బల్బు మాడిపోయింది. స్విచ్చి ఆపే, బల్బు తిప్పింది. కెవ్వుమని అరుపు. వంటింట్లోంచి పరుగెత్తాను. గోడకి చేరగిలబడి, చేయి పట్టుకుని ఉంది.

"స్విచ్చి ఆపానండీ. ఆపాకే ముట్టుకున్నా" అంది.

నా నోట వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "తడి చేతుల్తో ముట్టుకుంటే కొట్టదా మరి? బుద్ధుండక్కర్లా?"

అది కంగారులో వచ్చిందనుకుందాం. తర్వాత చేసినదానికి ఆ సాకు కూడా లేదు. ఆమెని పడుకోబెట్టి వచ్చి, సగం బయటికొచ్చిన బల్బు మర దగ్గర టెస్టరు ఆనించాను. స్విచ్చి ఆపే ఉంది, అయినా టెస్టరు వెలిగింది. నున్నటి తీగలో రావలసిన కరెంటు, నా తెలివివల్ల గీతల తీగలోంచి వచ్చి ఆ మరలో తిష్ఠ వేసింది. స్విచ్చి ఉన్నది నున్నటి తీగ మీద, దానితో ఈ కరెంటుకి పనే లేదు. ప్లగ్గు పీకి బల్బు తీశాను. గాజు మీద మీ అమ్మ వేళ్ళ గుర్తులు, తెల్లగా, పొడిగా. అప్పటిదాకా గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తోంది కదా. తడి వేళ్ళకి సుద్దపొడి అలా నిలవదు. ఆ గుర్తుల్ని చొక్కా అంచుతో తుడిచేశాను.

తీగలు అటూ ఇటూ మార్చి, అంతటా టెస్టరు పెట్టి చూసి, "స్క్రూ వదులైంది, బిగించా" అని చెప్పాను. దీపం బాగైంది, మీ అమ్మే బాగవలేదు. దాని జోలికి పోదు. కిటికీ దగ్గర కుడుతుంది, వెలుతురు తగ్గితే మిషను మూసేస్తుంది. ఏ స్విచ్చి వెయ్యాలన్నా తువ్వాలుతో చేతులు తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, నా వైపు చూస్తుంది. యూనిఫారాల కోసం వచ్చినావిడతో "నాకు జాగ్రత్త తక్కువండీ, అందుకే ఆలస్యం" అంటుంటే పక్కనే నిలబడి విన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నవాడు మద్దెలనే అన్నాడు, నేను కట్టుకున్నదాన్ని అన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా.

అమ్మ నా ఉత్తరాల చివర రెండు ముక్కలే రాస్తోందేమని అడిగావు. ఇదీ కారణం. ఎదురుగా చెప్పబోయి ప్రతిసారీ నీళ్ళు నమిలాను. ఎప్పటిలాగే తనకి కింద చోటు వదిలి కాగితం చేతికిస్తాను. రాసే ముందు ఎలాగూ చదువుతుంది. నేను గుమ్మంలో కూర్చుంటాను.

ఇట్లు,
తప్పు చేసి, దాన్ని మీ అమ్మ చేతులకి అంటగట్టిన
మీ నాన్న

అమ్మలూ, చదివాను. ఈయన బల్బు తుడవడం మంచం మీంచి చూశాను. నా చేతులు పొడిగా ఉన్నాయో లేదో నాకు తెలియదా? తువ్వాలు పట్టుకున్నప్పుడల్లా ఈయన వైపు చూసింది అందుకే. తనంతట తాను చెబుతారేమోనని. దీపమంటే భయం మాత్రం నిజమే.

ఇంకా గుమ్మంలోనే ఉన్నారు, నేల చూపులు చూస్తూ. ఇప్పుడు పిలుస్తాను. ముందు ఆ బల్బు తన చేత్తో విప్పి, మళ్ళీ బిగించాలి. నేను పక్కన నిలబడి చూస్తాను. ఆ తర్వాతే మిషను తీస్తాను.

చేతులు తుడుచుకుని రమ్మంటాను.

అమ్మ