బాపును కొట్టలేదు

అన్నా,

నువ్వు పోయి ఏడాది నిండింది. బతికినన్నాళ్లూ నువ్వు పేరెత్తనివ్వని ఆ నాయకుడి మీద సినిమా తీశారు. మన ఆర్మూరు టాకీసులోనే చూశాను. ఆడవాళ్ల బెంచీలో నా పక్కన ఆయన తల్లి లచ్చవ్వ కూర్చుంది.

కరువునాడు ఆయన మన పసుపు దుకాణం వెనక కొట్టు పగలగొట్టించి జొన్నలు పంచాడు కదా, అది చూపించారు. తెర మీద ఆయన మన బాపును కట్టెతో కొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు నన్ను జాలిగా చూశారు. లచ్చవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, మీ బాపును నా కొడుకు గట్ల కొట్టిండా?"

లేచి నిలబడి అందరికీ వినపడేలా చెప్పాను.

"కొట్టలే అవ్వా. బాపును అరుగు మీద కూసోబెట్టి, సుట్ట ముట్టిచ్చి, గింజలు తీస్కపోయిండు."

"కూసోవమ్మా, సినిమా కానియ్యి," అని వెనక నుంచి ఎవరో అరిచారు. కూర్చున్నాను.

నువ్వు ఆయన్ని దొంగ అనేవాడివి. నేనూ కాదనను, ఆ జొన్నలు మనవే. కానీ కొట్టాడని మాత్రం ఎంత కోపంలోనూ నువ్వు అనలేదు.

ఆట అయ్యాక లచ్చవ్వను మనింటికి తీసుకొచ్చాను. నువ్వున్నన్నాళ్లూ ఆమె మన గడప తొక్కలేదు. అన్నం కలుపుతూ ఆగి, "గానాడు నా కొడుకు ఏం జేసిండో మల్లొకసారి చెప్పు బిడ్డా," అంది.

మొదటి నుంచి చెప్పాను.

నీ చెల్లె