మామ్మగారి కాశీ చెంబు

నాంపల్లి, హైదరాబాదు
9-6-1963, ఆదివారం

పూజ్యులైన వరలక్ష్మి మామ్మగారికి,

మీ మనవడు బుచ్చిబాబు స్నేహితుణ్ణి, మీకు ఇల్లు కిరాయికిచ్చిన వామన్‌రావుగారి రెండో కొడుకుని, శ్యామ్‌సుందర్‌ని, అనేక నమస్కారాలతో రాస్తున్నాను. ఇక్కడ మా నాన్న, మా అమ్మ అహల్య, మీ అబ్బాయిగారు, కోడలుగారు, బుచ్చిబాబు అందరం బాగున్నాం. కాకినాడలో మీరూ, మీ అమ్మాయి కామాక్షిగారూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఉత్తరం మొదట్లో ఇంకా పెద్ద పెద్ద మాటలు రాయాలని మీరే నేర్పారు గాని, అవన్నీ రాస్తే ఒక పేజీ వాటికే పోతుంది. నాకు చెప్పాల్సింది చాలా ఉంది.

మీ కార్డు గురువారం అందింది. అబ్బ, ఏం కార్డు మామ్మగారూ! అడ్రసు పక్కన, అంచుల వెంబడి, చివరికి స్టాంపు చుట్టూ కూడా రాశారు. బుచ్చిగాడు అయింది మామ్మా అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడనీ, రామేశ్వరంలో గంగాభిషేకం ఎలా జరిగిందో నేను మొదటి నుంచి చివరి దాకా అబద్ధం లేకుండా రాయాలనీ, ఆ ఉత్తరం చేతికొస్తే గాని కాఫీ ముట్టననీ మీ ఆజ్ఞ. కామాక్షిగారు రోజూ పొద్దున్నే డికాక్షన్ తీసి మీ మొహం కేసి చూస్తున్నారని కూడా రాశారు. పదేండ్లు ఆగినామె ఇంక పది దినాలు ఆగదా అని మా అమ్మ నవ్వింది. అంతలోనే, ముసలామెను సతాయించకు బిడ్డా, జల్ది రాయి అంది. రాద్దామని రోజూ కూర్చుంటున్నాను. ఇవాళ్టికి కుదిరింది.

మీ మొక్కు కథ మీ నోట ఎన్నిసార్లు విన్నానో. బుచ్చిబాబుకి తొమ్మిదో ఏట టైఫాయిడ్ వచ్చి, డాక్టరు కూడా పెదవి విరిచేస్తే, పిల్లాడు బతికితే కాశీ గంగ నా చేత్తో ముంచి తెచ్చి రామేశ్వరంలో అభిషేకం చేయిస్తాను, అందాకా కాఫీ తాగను అని ఆ మంచం పక్కనే అనేశారట. వాడు బతికాడు. మీరు కాశీ వెళ్ళి గంగ తెచ్చారు. రామేశ్వరం బయల్దేరబోతే తాతగారు పోయారు. తరవాత మీ అబ్బాయిగారి ఆఫీసు కర్నూలు నుంచి ఇక్కడికి మారింది. ఆ తరవాత మీ మోకాళ్ళు పట్టేశాయి. మా వాకిట్లో కూచోబెట్టుకుని నా ఉర్దూ మీడియం నాలిక తిప్పడానికి, ఏంది కాదురా, ఏమిటి అను అని చీవాట్లు పెడుతూ, లోపల మీ కోడలుగారి కాఫీ వాసన రాగానే మీరు మాట మధ్యలో ఆగిపోయేవారు. నేను చూడలేదనుకునేవారు. చూశాను.

అసలు మేం బయల్దేరింది పుణ్యానికి కాదని మీకు ఇప్పటికి తెలిసే ఉంటుంది. పరీక్షలు కాగానే నేనూ, బుచ్చిబాబూ, మా క్లాసులోనే చదివే వెంకటేశమూ అబిడ్స్‌లో చాయ్ తాగుతూ, ఒక దీవి మీదకి వెళ్ళాలని అనుకున్నాం. నేనూ వెంకటేశమూ సముద్రమే చూడలేదు. చూస్తే దాని మధ్యలో నిలబడి చూడాలని నా పట్టు. గోవాకి పోతామంటే ఇంట్లో తంతారు. రామేశ్వరం కూడా దీవేనని బుచ్చిబాబుకి తట్టింది. ఇంక చూస్కోండి, తీర్థయాత్ర అనగానే మూడు ఇళ్ళలోనూ ఒక్కళ్ళు అడ్డు చెప్పలేదు. కాలేజీలో స్టూడెంట్ కన్సెషన్ కాగితం మీద సంతకం చేయించుకున్నాం. జుమేరాత్ బజార్లో సిపాయిలు వాడి పారేసిన కాన్వాస్ సంచులు మూడు కొనుక్కున్నాం. వీపుకి తగిలించుకుని ఇంటికొస్తే, ఏంది బిడ్డా, యుద్ధం మళ్ళ మొదలయ్యిందా అని మా నాన్న అడిగాడు.

అప్పుడే మీరు పూజ అరలోంచి చెంబు దించారు. మూతకి మాటు వేసిన ఆ చిన్న రాగి చెంబుకి తాడు కట్టి, మనవడికి ఇవ్వకుండా నా మెడలో వేశారు. మరి వాడు గొడుగు బస్సులోనూ, చెప్పులు గుళ్ళోనూ, హాల్‌టికెట్టు నాంపల్లి ప్లాట్‌ఫారం మీదా మరిచిపోయే ఘనుడాయె! నేల మీద పెట్టకు, నిద్రపోయినా తియ్యకు అన్నారు. తియ్యలేదు మామ్మగారూ. ఆ తాడుకి నా మెడ ఒరుసుకుపోయింది.

నాంపల్లిలో మద్రాసు బండి ఎక్కాం. మూడో తరగతిలో కూచోడానికే చోటు లేదు. వెంకటేశం తలుపు దగ్గర సంచులు పేర్చి మా ముగ్గురికీ పీఠం వేశాడు. మీ కోడలుగారి పులిహోర విజయవాడకే ఐపోయింది, మా అమ్మ సకినాలు మాత్రం మద్రాసు దాటాయి. అక్కణ్ణుంచి చిన్న బండి. పాంబన్ వంతెన మీద రెండు పక్కలా నీళ్ళే. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, వెంకటేశం కళ్ళు గట్టిగా మూసుకుని, అయిపోయినంక చెప్పుండ్రి, నాకు గీ తమాషా వద్దు అని బుచ్చిబాబు భుజం పట్టుకున్నాడు. సముద్రం ఒడ్డున పుట్టినవాడిని కదా అని మీవాడు ఆ రెండు రోజులూ మా మీద ఒకటే పెత్తనం. అలకి ఎలా ఎదురెళ్ళాలో, ఉప్పునీళ్ళు కంట్లో పడితే ఏం చెయ్యాలో, అన్నీ వాడే గురువు. సత్రంలో చాప ఇచ్చారు. వంట మేమే చేసుకున్నాం. అన్నం మాడ్చింది ఎవరని అడక్కండి.

మూడో రోజు పాంబన్‌కి వెళ్ళి ఒక పడవవాణ్ణి బతిమాలాం. అక్కడికి కొంచెం దూరంలో ఎవరూ ఉండని చిన్న దీవి ఉంది. వాడికి తెలుగు రాదు, మాకు అరవం రాదు. పొద్దున్నే దింపి, నడినెత్తికి చెయ్యి చూపించి, సూర్యుడు అక్కడికి రాగానే వస్తానని సైగ చేసి వెళ్ళిపోయాడు. మామ్మగారూ, ఆ పొద్దుటి పూట నేను జీవితంలో మరిచిపోలేను. మా కాలి గుర్తులు తప్ప ఇసక మీద ఒక్క గుర్తు లేదు. నాలుగు వైపులా నీళ్ళు పచ్చగా, నీలంగా. వెంకటేశం కూడా కళ్ళు తెరిచి, ఔరా, గిది మస్తుగుంది అని గంటసేపు గవ్వలు ఏరాడు. బుచ్చిబాబు పాటలు పాడాడు, వద్దన్నా వినలేదు.

మధ్యాహ్నం గాలి మళ్ళడంతో పడవ రావడం ఆలస్యమైంది. అక్కడ నీడ లేదు, ముళ్ళ పొదలు తప్ప చెట్టు లేదు. బుచ్చిబాబుకి కాస్త వడదెబ్బ తగిలింది. మీరు కంగారు పడకండి. నీళ్ళు పట్టాం, కోలుకున్నాడు. పొద్దు వాలేసరికి పడవ వచ్చింది. మర్నాడు వాణ్ణి సత్రంలో పడుకోబెట్టి నేనూ వెంకటేశమూ గుడికి వెళ్ళాం. మీవాడు అయింది అని ఒక్క ముక్కతో సరిపెట్టడానికి అదే కారణం, వాడు అక్కడ లేడు.

నేను సముద్రంలో మునిగి, బావుల నీళ్ళు పోయించుకుని, తడి బట్టలతోనే లోపలికి వెళ్ళాను. మీ పేరు, తాతగారి పేరు, బుచ్చిబాబు పేరు చెప్పాను. గోత్రం తప్పు చెప్తానేమోనని దారంతా వల్లించుకున్నాను, తప్పు పోలేదు. పూజారిగారు మూత తీసి గంగ లింగం మీద ధారగా పోశారు. పక్కన ఉత్తరాది ముసలాయన ఒకాయన ఏడ్చాడు. గంగాభిషేకం అయింది. ఇది నేను కళ్ళారా చూశాను.

కాబట్టి మామ్మగారూ, కామాక్షిగారిని ఇంక కాఫీ కలపమనండి. కామాక్షిగారికి, పిల్లలకి నా నమస్కారాలు, ముద్దులు చెప్పండి. వానలు పడకముందే మీరు తిరిగి రావాలి. మీరు లేక నా తెలుగు మళ్ళీ పాడవుతోంది.

మీ ఆశీస్సులు అడిగే
శ్యామ్‌సుందర్

తా.క. ఈ ఉత్తరం కవర్లో పెట్టి స్టేషను ముందున్న పోస్టు డబ్బా దాకా వెళ్ళి, వెనక్కి తెచ్చుకున్నాను. పైన రాసినదాంట్లో అబద్ధం లేదు. కాని అభిషేకం అయిన గంగ మీది కాదు.

ఆ దీవి మీద మా దగ్గరున్న నీళ్ళు ఒకే సీసాలో ఉన్నాయి. సంచులతో పాటు కొన్న ఆ పాత సిపాయి సీసా అడుగున కారిపోతోందని మేం చూసుకోలేదు. పన్నెండయ్యేసరికి చుక్క లేదు. రెండింటికి బుచ్చిబాబు మాట తడబడింది. తరవాత వాంతి చేసుకుని పడిపోయాడు. ఒళ్ళు కాలుతోంది గాని చెమట లేదు. పిలిస్తే పలకలేదు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, చూపు లేదు. తడిపిన చొక్కా తల మీద వేశాం, మా ఒంటితో నీడ పట్టాం. చుట్టూ అంత సముద్రం, వాడి నోట్లో పొయ్యడానికి గుక్కెడు లేదు. నా మెడలో మాత్రం మీ చెంబు ఉంది.

బయల్దేరే ముందు మీరు నన్ను పక్కకి పిలిచి ఇంకో మాట కూడా చెప్పారు. అది పైన రాయలేదు. వెంకటేశం చేతికి మాత్రం ఈ చెంబు ఇవ్వకు నాయనా, మంచివాడే గాని వాళ్ళింట్లో నీచు తింటారు అన్నారు. బేగం బజార్లో మిరపకాయలు తూచే బాలమల్లుగారి కొడుకు వాడు. ఆ మాట నేను వాడికి చెప్పలేదు. కాని వాడికి తెలుసనుకుంటాను, ఎందుకంటే బయల్దేరినప్పటి నుంచి ఆ మధ్యాహ్నం దాకా ఒక్కసారి కూడా ఆ చెంబు తాకలేదు.

నేను చెంబు రెండు చేతులా పట్టుకుని కూచున్నాను మామ్మగారూ. మూత తీస్తే పదేళ్ళ మొక్కు పోతుంది. నోటికి తగిలితే ఎంగిలవుతుంది, మిగిలింది కూడా దేవుడికి పనికి రాదు. మామ్మగారికి ఏం చెప్పాలి, పడవ ఇప్పుడే వస్తుందేమో, ఇంకాస్త ఆగితే అని ఆలోచిస్తూ కూచున్నాను. ఎంతసేపో నాకు తెలియదు. నా స్నేహితుడు నా మోకాలి పక్కన అలా పడి ఉంటే నేను ఆలోచిస్తున్నాను.

గట్ల జూస్తవేందిరా, పోరడు సచ్చేటట్టున్నడు, ఇటియ్యి అని వెంకటేశం అరిచాడు. అప్పటికీ నా చేతులు వదల్లేదు. వాడు లాగితే తాడు తెగింది. చాకుతో మూత పెకలించి, వేలు ముంచి బుచ్చిబాబు పెదాలు తడిపి, చుక్క చుక్కగా గంటసేపు నోట్లో వేశాడు. తన పెదాలు పగిలి నెత్తురొస్తున్నా ఒక్క చుక్క నాలిక మీద వేసుకోలేదు. చివరికి బుచ్చిబాబు గుటక వేశాడు. పడవ వచ్చేసరికి మమ్మల్ని గుర్తుపట్టాడు.

మర్నాడు గుడి దగ్గర కొట్లో మాటు వేసిన గంగ చెంబు ఒకటి కొన్నాను. అభిషేకం అయింది దానితో. మీరు ముంచిన గంగ మీ మనవడి కడుపులో ఉంది. ఆ సంగతి వాడికి తెలియదు. శ్యామ్ నన్ను భుజాన వేసుకుని పడవ ఎక్కించాడు అని వాడు అందరికీ చెప్పుకుంటున్నాడు. నిన్న మీ కోడలుగారు పిలిచి నాకు పాయసం పెట్టారు. వెంకటేశం వాకిట్లోనే నిలబడ్డాడు. నేను తినేశాను. మీ మొహం చూస్తే ఇదంతా నోట రాదు, అందుకే మీరు ఊళ్ళో లేనప్పుడే రాస్తున్నాను.

మీ మొక్కు తీరిందో లేదో చెప్పగలిగే చదువు నాకు లేదు. తీరలేదంటే చెప్పండి, కాశీకి నేను వెళ్తాను. వాడికి జ్వరం వచ్చిన రోజు మీరు మాత్రం ఒక్క క్షణం ఆలోచించకుండా కాఫీ వదిలేశారు. ఆ దీవి మీద నేను ఆలోచించాను. నాకంటే ముందు వెంకటేశం చెయ్యి కదిలినందుకు రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.