దూడ తాగని పాలు

శుక్రవారం, మండికల్

దూడ ఈ రోజు లేవనే లేదు. ఒళ్లంతా గడ్డలు. చర్మగంటు రోగమేనని, అదే లంపీ స్కిన్ అని, పశువుల డాక్టరు తేల్చేశాడు.

"ఆవు సూడితో ఉన్నప్పుడే టీకా ఏసినాం కదమ్మా. ముర్రుపాలు తాగింటే ఆ రక్షణ దూడకూ వచ్చిండేది. తాపలేదా?"

మా అత్తా నేనూ మొహాలు చూసుకున్నాం. తొలిపాలన్నీ జున్ను కాచి వీధంతా పంచాం, ఎంతో గొప్పగా. మా ఇంట్లో ఎప్పుడూ అంతే.

"ఇప్పుడేం చేసేదప్పా?" అన్నాను. ఆయన సంచీ సర్దుకున్నాడు.

సాయంత్రం పక్కింటి రత్నమ్మ ఇన్నాళ్లకు జున్ను గిన్నె తిరిగిచ్చింది. "బలే ఉండె జున్ను! మళ్లా ఈనితే మమ్మల్ని మరవద్దమ్మా" అంది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని అందులో బెల్లంముక్క వేసింది.

ఆ ముక్కను దూడ నోటి దగ్గర పెట్టాను. నాలుక కదపలేదు.